భారీకాయుల చక్రప్రణాళిక

పందెపు సైకిళ్ళయందు మక్కువగలిగి, 90 కిలోలకు పైబడిన దేహభారముతో వానిని తొక్కుచున్న మేము, మా శరీరములను గూర్చి క్షమాపణ చెప్పుకొనుటకు గాక, మా చక్రములను గూర్చిన నియమములను లోకమునకు తెలియజేయుటకే ఈ ప్రణాళికను ప్రకటించుచున్నాము. మాలో ఆజానుబాహులు కలరు, కసరత్తు చేసి కండలు పెంచినవారు కలరు, కేవలము భోజనప్రియులును కలరు. చక్రమునకు ఈ భేదములతో పనిలేదు. చక్రము విరిగినప్పుడెల్ల దోషమును తొక్కువాని దేహమునకు అంటగట్టుట ఆచారమైనది. ఈ ఆచారమును మేము నిరాకరించుచున్నాము. భారము తెలిసియుండియు దానికి తగని చక్రమును ఎన్నుకొనుటయే దోషము.

స్పోకు విరుగుటకు కారణము నెరుగక చక్రమును ఎన్నుకొనుట గ్రుడ్డియెన్నిక యగును. ఉక్కుతీగవంటి ఆ సన్నని స్పోకు నొక్కుడును భరింపజాలదు. అన్నియు బిగువుగా లాగబడియుండుటచేతనే రిమ్ము నిలుచుచున్నది. చక్రము తిరుగునప్పుడు నేలకు చేరువైన స్పోకుల బిగువు క్షణకాలము సడలి, అవి పైకి లేవగానే మరల పూర్వస్థితికి వచ్చును. కిలోమీటరు నడకలో ప్రతి స్పోకునకును ఇది ఇంచుమించు 470 మారులు జరుగును. తొక్కువాని బరువు హెచ్చినకొలదియు, స్పోకుల సంఖ్య తగ్గినకొలదియు, ఒక్కొక్కదాని వంతునకు వచ్చు ఈ సడలింపు అధికమై, లోహము అలసి, హబ్బుచెంత వంపు తిరిగినచోట ఒకనాడు పుటుక్కున తెగును. వెనుకచక్రమున గేర్లకు చోటిచ్చుటకై రిమ్మును కుడివైపునకు జరిపి కట్టుదురు గనుక, ఎడమవైపు స్పోకులకు కుడివైపు బిగువులో ఇంచుమించు సగమే దక్కును. అవి పూర్తిగా వదులగు ప్రమాదము అందుచేతనే హెచ్చు. అమెరికా ఇంజనీరు యోబ్స్ట్ బ్రాంట్ 1981లో వెలువరించిన ‘ది బైసికిల్ వీల్’ అను గ్రంథమున ఈ విషయమును విపులముగా చర్చించెను.

మన పల్లెలలో పాలక్యానులను, బియ్యపు బస్తాలను మోసిన పాత సైకిళ్ళకు ముందుచక్రమున 32, వెనుకచక్రమున 40 స్పోకులుండెడివి. బరువు వెనుకకే అధికముగా పడునని తెలిసినవారి లెక్క అది. నేటి పందెపు చక్రములు 20కిని 24కిని దిగినవి. మేము పాత లెక్కలోని న్యాయమును గ్రహించి, ముందు 32, వెనుక 36 స్పోకులనే కోరుదుము. వానిని హబ్బునుండి ఒక్కొక్కటి మూడింటిని అడ్డముగా దాటునట్లు అల్లింపుదుము. కొనలయందు 2 మిల్లీమీటర్లును నడుమ 1.8 మిల్లీమీటర్లును ఉన్న స్పోకులను, వానిని రిమ్మునకు బిగించుటకు ఇత్తడి నిపిళ్ళను వాడుదుము. నడుమ సన్నగానున్న స్పోకు కొంత సాగి, వంపుపై పడు తాకిడిని తగ్గించును. మందమైనదే గట్టిదను భ్రమ వలదు. 24కు బదులు 36 స్పోకులు వేయించినచో పెరుగు బరువు నూరు గ్రాములైనను కాదు. మాబోటివారు ఆ నూరు గ్రాములకై చింతించుట హాస్యాస్పదము.

లోతైన రిమ్ములను మేము ద్వేషింపము. అట్టి రిమ్ము నిలువుగా గట్టిది. తక్కువ స్పోకులతోడను కొంతవఱకు నెట్టుకొనిరాగలదు. కాని 20 స్పోకుల చక్రమున ఒక్కటి తెగెనా, రిమ్ము వంగి బ్రేకునకో ఫ్రేమునకో రాచుకొని, ఊరికి దూరముగా నిలువబెట్టివేయును. 36 స్పోకుల చక్రమైనచో బ్రేకును కొంచెము వదులు చేసికొని ఇల్లు చేరవచ్చును. మా తీర్పునకు ఈ ఒక్క కారణమే చాలును.

సామగ్రికంటె పనివాని చేయి ప్రధానము. యంత్రముచే కట్టబడి వచ్చిన చక్రమును, ఎంత ఖరీదైనదైనను, నేర్పరియైన పనివానిచేత మరల బిగింపించి, బెండు తీయించి, జతజతలుగా స్పోకులను పిడికిట నొక్కించి గాని తొక్కము. రిమ్ము తయారుచేసినవారు అనుమతించిన మేరకు బిగువు నిండుగా ఉండవలయును. కుడివైపున అది సాధారణముగా 100 మొదలు 120 కిలోల వఱకు ఉండును. టైరు విషయమున, ఫ్రేములో చోటున్నంతవఱకు, 28 మిల్లీమీటర్లకు తక్కువైనది మాకు వలదు. 32 దొరికిన మఱియు మేలు. సన్ననిదానిలో రాయివలె గాలి నింపుకొని గుంతల దెబ్బలన్నియు రిమ్మునకు అప్పగించుటలో వేగము లేదు.

ఒక స్పోకు తెగిన దానిని మార్పింతుము. కొలది కాలములోనే రెండవదియు మూడవదియు తెగినచో, తక్కినవియు అదే అలసటను అనుభవించినవే గనుక, అన్నిటిని తీయించి క్రొత్తవానితో చక్రమును తిరిగి కట్టింతుము. ఒక్కొక్కదానిని అతుకువేసికొనుచు పోవు పిసినారితనమును మా సభ్యులకు నిషేధించుచున్నాము.

కావున, మాతో ఏకీభవించు సోదరసోదరీమణులారా, చక్రము కొనబోవుటకు ముందు, సైకిలును, నీళ్ళసీసాలను, సంచిని పట్టుకొని ఒకమారు తక్కెడ ఎక్కుడు. ఆ మొత్తము బరువును దుకాణదారునకు నిస్సంకోచముగా చెప్పుడు. ఈ చక్రము ఎంత బరువునకు నిర్ణయింపబడినదని అడుగుడు. జవాబు కాగితముపై చూపలేనివాని వద్ద కొనకుడు.