పుష్యమాసంలోనూ ఓఆర్‌ఎస్‌ పంచాలి

తొలకరి పడగానే పంచాయతీ వాళ్లు మంచినీళ్ల ట్యాంకులో బ్లీచింగ్‌ కలుపుతారు. ఆశా కార్యకర్త ఇంటింటికీ ఓఆర్‌ఎస్‌ పొట్లాలు పట్టుకొస్తుంది. 2014 నుంచి కేంద్రం ఏటా నడిపిస్తున్న అతిసార నివారణ కార్యక్రమం కూడా ఎక్కువగా వానల చుట్టూనే తిరుగుతోంది. కలరా మనకు నేర్పిన జాగ్రత్త ఇది, కొనసాగాల్సిందే. కానీ పసిపిల్లల్ని వాంతులు, విరేచనాలతో ఆస్పత్రికి చేర్చే రోటా వైరస్‌ వానల కోసం ఎదురుచూడదు. మన దేశంలో దాని ఉద్ధృతి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఉత్తరాదిన ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దక్షిణాదిన ఏడాది పొడవునా ఎంతోకొంత ఉంటూనే ఉంటుంది. అంటే చలికాలంలో పొట్లాలు అటకెక్కించడానికి మనకే కారణమూ లేదు.

తిండిలో, నీళ్లలో చేరిన బ్యాక్టీరియా వేడికి, తడికి పెరుగుతుంది. వైరస్‌ అలా కాదు. అది పెరిగేది మనిషి పేగులోనే. బయట చావకుండా ఉంటే చాలు. చల్లని, పొడి వాతావరణంలో తలుపు గడియ మీదా ఆటబొమ్మ మీదా ఎక్కువకాలం నిలుస్తుంది. సోకడానికి కాసిని కణాలు చాలు. అందుకే కాచి చల్లార్చిన నీళ్లే తాగించే ఇంట్లోనూ బిడ్డ పడకేస్తుంది.

చలికాలంలో ఈ జబ్బును జబ్బుగా గుర్తించకపోవడమే నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. ముందు జ్వరం, వాంతులు వస్తాయి. ‘చలిగాలి తగిలింది’ అంటారు. విరేచనాలు మొదలైతే ‘పళ్లొస్తున్నాయిలే’ అంటారు, దిష్టి తీస్తారు, పాలు మాన్పిస్తారు. ఈలోగా కళ్లు లోతుకు పోతాయి, మాడు గుంటపడుతుంది, ఏడ్చినా కన్నీరు రాదు. అప్పుడు పరుగెత్తుకెళ్లి యాంటీబయాటిక్‌ రాయమంటారు. వైరస్‌ మీద అది పనిచేయదు.

టీకా ఉంది, అదీ మన హైదరాబాద్‌లోనే తయారవుతోంది. 1980లలో ఢిల్లీ పసికందుల్లో దొరికిన రకంతో, ఎం.కె. భాన్‌ వంటి శాస్త్రవేత్తల ఏళ్ల శ్రమతో వచ్చిన రోటావాక్‌ అది. 2016లో ప్రభుత్వ టీకాల్లో దీన్ని మొదట చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌ ఒకటి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు నోట్లో చుక్కలు తప్పకుండా వేయించాలి. అయితే పరీక్షల్లో, మొదటి ఏడాది తీవ్రమైన జబ్బును అది ఆపింది సుమారు 56 శాతమే. మిగతా భారం ఓఆర్‌ఎస్‌దే.

ఆ పొట్లం వాడే తీరు ఒకసారి గమనించండి. మూల చించి గ్లాసు నీళ్లలో ఓ చెంచాడు పొడి పోస్తారు, మిగతాది మడిచి డబ్బాలో దాస్తారు. పాళ్లు తప్పితే ఉప్పు ఎక్కువై బిడ్డకు హాని, తక్కువైతే ప్రయోజనం లేదు. పెద్ద పొట్లమైతే లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. కక్కేస్తే పది నిమిషాలాగి మళ్లీ మొదలుపెట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. జింకు మాత్రలు పద్నాలుగు రోజులూ వేయాలి. 24 గంటలు దాటిన నీళ్లు పారబోయాలి.

ఇదంతా జూన్‌లో ఒకసారి చెప్పి ఊరుకుంటే సంక్రాంతి నాటికి ఎవరికి గుర్తుంటుంది? వైద్యారోగ్య శాఖలు డిసెంబరులో రెండో విడత పెట్టాలి. అంగన్‌వాడీలో తల్లుల ముందు లీటరు సీసా పెట్టి, పొట్లం చించి, కలిపి చూపించాలి. జింకు మాత్రలు ఆ రోజే చేతికివ్వాలి.