తూనికరాయి తప్పుదైతే తూకం సరియగునా?



ఒక శాఖ తన పనిని ఏ కొలతతో కొలుచుకుంటున్నదో చూస్తే చాలు, అది ప్రజలను ఏ కంటితో చూస్తున్నదో తెలిసిపోతుంది. ఇది మనకు కొత్త కాదు. మేళాలో ఎన్ని ఖాతాలు తెరిచారన్నదే లెక్క అయినపుడు, అవి మరుసటి ఏడు బ్రతికి ఉన్నాయా అని అడిగేవారుండరు. తనిఖీలో ఎంత జరిమానా రాబట్టారన్నదే లెక్క అయినపుడు, ప్రయాణికుని గోడు వినే తీరిక ఎవరికీ ఉండదు. ఆదాయపు పన్ను శాఖలో ఈ జాడ్యం మరింత ముదిరింది.

సూరత్‌నే తీసుకోండి. మజూరా గేటు వద్ద గల ఆయకర్ భవన్ లక్ష్యాలు ఆ నగరంలో పుట్టినవి కావు. బడ్జెటు అంచనా ఢిల్లీలోని ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు నుండి అహమ్మదాబాదుకు, అక్కడి నుండి సూరత్‌కు అంకెలుగా దిగివస్తుంది. ఎన్ని అప్పీళ్లు పరిష్కరించాలో, ఎంత బకాయి రాబట్టాలో బోర్డువారి వార్షిక కార్యాచరణ ప్రణాళిక శాసిస్తుంది. వజ్రాల సానకారులు, మరమగ్గాలపై బ్రతికే మన తెలుగు నేతన్నలు ఉన్న ఆ ఊరిలో వ్యాపారం మందగించవచ్చు. మార్చి 31 గడువు మాత్రం ఆగదు.

2018–19 ప్రణాళిక ఇంకొక అడుగు ముందుకు వేసింది. అప్పీళ్ల కమిషనర్ పన్ను పెంచినా, జరిమానా విధించినా, కింది అధికారి ఉత్తర్వును బలపరచినా, అది ‘నాణ్యమైన’ ఉత్తర్వు అట! అట్టి ప్రతి ఉత్తర్వుకు రెండు అదనపు యూనిట్లు! మన శాఖలలో విచారణాధికారికి, శిక్ష వేసిన ప్రతి కేసుకు అదనపు మార్కులిస్తామంటే మనం ఊరుకుంటామా? పన్ను సలహాదారుల సంఘం న్యాయస్థానం తలుపు తట్టింది. 2019లో బొంబాయి హైకోర్టు ఆ ప్రోత్సాహకాన్ని కొట్టివేసింది.

ఆ నిబంధన పోయింది. అంకెల వ్యామోహం పోలేదు. రాబట్టవలసిన బకాయిలలో నూటికి తొంభై పాళ్లకు పైగా వసూలు కావడం కష్టమని శాఖయే చెబుతున్నట్లు కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదికలు పదేపదే ఎత్తిచూపాయి. నిలువని డిమాండు కాగితం మీది ఘనతే. అయినా అప్పీలు తేలేవరకు వసూలు నిలపాలంటే సాధారణంగా 20 శాతం ముందే చెల్లించాలని 2017లో బోర్డు నిర్దేశించింది. ఎగవేతదారుకు వకీళ్లున్నారు. జీతం చేతికందక ముందే పన్ను కోతకు గురయ్యే మనకెవరున్నారు? జీతాల బిల్లు చేసే కార్యాలయం దాఖలు చేసిన వివరాలలో ఒక పాన్ అంకె తప్పితే, నోటీసు వచ్చేది ఉద్యోగికే!

లక్ష్యం లేకుంటే ఎగవేతదారులు తప్పించుకుంటారని కొందరి వాదన. కొలత వద్దని మనం అనడం లేదు. తప్పుడు తూనికరాయి వద్దంటున్నాం. ఆ శాఖలోని గుమాస్తాలు, ఇన్‌స్పెక్టర్లు మనకు శత్రువులు కారు. వారూ ఆ అంకెల బరువు మోస్తున్నవారే.

చట్ట ప్రకారం రావలసినంతే వసూలు చేస్తామని 2020 ఆగస్టులో పన్ను చెల్లింపుదారుల హక్కుల పత్రంలో ప్రభుత్వమే మాట ఇచ్చింది. ఆ మాటకు తగిన కొలతలను మనం కోరుతున్నాం: అప్పీలులో నిలిచిన ఉత్తర్వులెన్ని? గడువులోగా చేరిన రిఫండులెన్ని? సరిదిద్దిన తప్పులెన్ని? ఈ లెక్కలు ప్రతి ఏటా, కార్యాలయాల వారీగా ప్రజల ముందుంచాలి.

ప్రతి శాఖా సంఘం ఈ మేరకు తీర్మానం చేసి పంపవలసిందిగా కోరుతున్నాం. పన్ను కట్టేవాడు యాచకుడు కాడు. లెక్క అడిగే హక్కు అతనిది!