"ఇల్లు ఎవరి పేరు మీద ఉందమ్మా?"

మున్సిపల్ ఆఫీసులో నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. నేనేం చెప్పడానికి వెళ్ళానో అప్పటికింకా ఎవరూ వినలేదు. నా చేతిలో కాగితం తీసుకున్న ఉద్యోగి దాన్ని పైనుంచి కిందిదాకా చూసి, "ఇల్లు ఎవరి పేరు మీద ఉందమ్మా?" అన్నాడు. మా ఆయన పేరు మీద అని చెప్పాను. "అయితే సార్ చేత సంతకం పెట్టించి తీసుకురండి" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అంత మర్యాదగా అన్న మాటలో స్త్రీలకు ఎంత అన్యాయం ఇమిడి ఉందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

జరిగింది ఇదీ. మా వీధి చివర మూడు ప్లాట్లు కలిపి ఫంక్షన్ హాలు, దాని కింద దుకాణాలు కట్టాలని ఒకాయన అనుకున్నాడు. మాస్టర్ ప్లాన్‌లో మాది నివాస ప్రాంతం. దాన్ని వాణిజ్య ప్రాంతంగా మార్చమని దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆఫీసు భాషలో దీన్ని భూ వినియోగ మార్పిడి అంటారు. పద్ధతి ప్రకారం పత్రికలో ప్రకటన వేశారు. అభ్యంతరాలు ఉంటే 15 రోజుల్లో రాతపూర్వకంగా తెలపమన్నారు. టెండర్ల పేజీలో ఒక మూల పడిన ఆ ప్రకటన నిండా సర్వే నంబర్లు, హద్దులు, చదరపు గజాలు. వీధి పేరు మాత్రం లేదు. దక్షిణాన 30 అడుగుల రోడ్డు అని ఉంది. ఆ 30 అడుగుల రోడ్డు మేం రోజూ నడిచే రోడ్డేనని, పక్క వీధిలో ఉండే రిటైరయిన డ్రాఫ్ట్స్‌మన్ గారు చూసి చెప్పేదాకా మాలో ఎవరికీ తెలియదు. అప్పటికే తొమ్మిది రోజులు గడిచిపోయాయి.

మిగిలిన ఆరు రోజుల్లో సాయంత్రాలు నేనూ మరో ఇద్దరు స్నేహితులూ ఇల్లిల్లూ తిరిగాం. స్త్రీలు చాలా మాట్లాడారు. పెళ్ళి ఊరేగింపులు వచ్చిన రాత్రుళ్ళు రోడ్డు మీద నిలబడి తాగే మగవాళ్ళ గురించి, రాత్రి ఎనిమిదిన్నరకు ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లల గురించి మాట్లాడారు. ఆ హాలుకు రెండు బోర్లు వేస్తే వేసవిలో మా బోర్లు ఏమవుతాయని అడిగారు. ఎంగిలి విస్తళ్ళు ఎవరి గుమ్మం ముందుకు కొట్టుకొస్తాయని అడిగారు. బస్తీ నుంచి ఇళ్ళలో పనికి వచ్చే వాళ్ళయితే, ఆ ప్లాట్ల మీదుగా ఉన్న అడ్డదారి మూసేస్తే రోజుకు నాలుగు సార్లు మెయిన్ రోడ్డు చుట్టి రావాలన్నారు. హాలు రావాలని కోరుకున్న వాళ్ళు కూడా ఉన్నారు. "పెళ్ళిళ్ళ సీజన్లో గిన్నెలు తోమే పనయినా దొరుకుతుంది కదమ్మా" అని ఇద్దరు అన్నారు. ఆ మాట కూడా నిజమే. దాన్ని కూడా కాగితం మీద పెట్టాం.

మా మూడో ఇంటి ముందు గదిలో అద్దెకుండే ఆమె మాటే నాకు అన్నిటికంటె ఎక్కువ గుర్తుంది. భర్త పోయాక ఇద్దరు పిల్లలతో కర్రీ పాయింట్ నడుపుకుంటోంది. దీనికి ఆరు నెలల ముందు ఆమెకు నోటీసు ఇచ్చారు. నివాస ప్రాంతంలో వ్యాపారం చేయకూడదట. నెల రోజులు మూసుకుని, ఇప్పుడు వెనక వాకిట్లో వండి, తెలిసిన వాళ్ళకు మాత్రం ఇస్తోంది. ఆమె నన్ను అడిగింది: "నా నాలుగు గిన్నెలకు అడ్డొచ్చిన రూలు ఆయన హాలుకు ఎందుకు అడ్డురాదక్కా?"

నా దగ్గర జవాబు లేదు. ఉన్న జవాబల్లా ఒకటే. ఆమె నోటీసు అందుకుంది, ఆయన దరఖాస్తు పెట్టుకున్నాడు. దరఖాస్తు పెట్టడానికి స్థలం పత్రాలు కావాలి, ఫీజు కట్టాలి, మార్పిడి ఛార్జీలు కట్టే స్తోమత ఉండాలి. ఇంట్లో కూర్చుని బట్టలు కుట్టే, పచ్చళ్ళు పట్టే, టిఫిన్లు వేసే స్త్రీలకు ఇల్లే పనిచోటు. ఇల్లు ఒకచోట, పని ఇంకొకచోట అని గీత గీసి పెట్టిన ప్లాను వాళ్ళ బతుకును చూసి గీసింది కాదు. అందుకే నివాస ప్రాంతాన్ని ఎన్నటికీ మార్చరాదని నేను వాదించడం లేదు. ఆ గీత ఎవరి దగ్గర గట్టిగా నిలబడుతుంది, ఎవరి దగ్గర చెరిగిపోతుంది అన్నదే నా ప్రశ్న.

అభ్యంతరం పెట్టిన వాళ్ళను ఒక బుధవారం ఉదయం 11 గంటలకు పిలిచారు. ఇళ్ళలో పనిచేసే వాళ్ళు ఆ వేళకు మూడో ఇంట్లో ఉంటారు. కర్రీ పాయింట్ ఆమె పొయ్యి మీద పప్పు ఉంటుంది. ఉద్యోగాలు చేసే స్త్రీలు సెలవు పెట్టాలి. వెళ్ళినది పద్నాలుగు మంది మగవాళ్ళు, ముగ్గురం ఆడవాళ్ళం. మా వార్డు కౌన్సిలర్ స్త్రీయే. ఆమె రాలేదు, ఆమె భర్త వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కాలనీ సంఘం పెద్దలు పార్కింగ్ గురించీ, ఇళ్ళ ధరలు పడిపోతాయనీ, "బయటి జనం" వస్తారనీ మాట్లాడారు. ఆ బయటి జనంలో మా ఇళ్ళలో గిన్నెలు తోమే వాళ్ళూ ఉన్నారు. ఈ సంఘంలో సభ్యత్వం ఇంటి యజమానులకే. అద్దెకున్న వాళ్ళకు లేదు, యజమాని భార్యకూ లేదు. అంటే మాకు తోడుగా నిలబడాల్సిన వాళ్ళది కూడా ఆఫీసు వాళ్ళ ప్రశ్నే: ఇల్లు ఎవరి పేరు మీద ఉంది?

నిజానికి చట్టం ఈ ప్రశ్న అడగడం లేదు. 1975 నాటి ఆంధ్రప్రదేశ్ పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం 12వ సెక్షన్ చూడండి. ప్లానులో మార్పు చేసే ముందు ప్రకటన ఇచ్చి, ఏ వ్యక్తి నుంచయినా అభ్యంతరాలు, సూచనలు పిలవాలనీ, వచ్చిన వాటన్నిటినీ పరిశీలించాలనీ అది చెబుతోంది. "ఏ వ్యక్తి అయినా" అన్నది చట్టం మాట. యజమాని అనలేదు, పన్ను కట్టేవాడు అనలేదు. ఆ మాటకు అడ్డం పడుతున్నది అలవాటు. దరఖాస్తు కాగితంలో సర్వే నంబరు గడి, ప్రకటనలో ఎవరికీ అర్థంకాని భాష, ఉదయం 11 గంటల సమయం, ఇవన్నీ కలిసి "ఏ వ్యక్తి అయినా" అన్న మాటను "ఏ మగ యజమాని అయినా" అని మార్చేస్తున్నాయి. ఇందుకు ఏ జీవో అక్కర్లేదు.

అందరినీ అడుగుతూ పోతే ఊళ్ళో ఒక్క ఇటుక లేవదని కొందరంటారు. అభ్యంతరం చెప్పడం అంటే ఆపేయడం కాదు. వినండి, విని ఏం ఆలోచించారో చెప్పండి అని అడగడం. ఇది కుదరదనుకుంటే, పరిశ్రమల విషయంలో ఎలా కుదిరింది? పర్యావరణ అనుమతుల కోసం 2006లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. సభ ప్రాజెక్టు స్థలంలోనో దానికి దగ్గరలోనో జరపాలి. కలెక్టరో ఆయన తరఫున ఒక ఉన్నతాధికారో అధ్యక్షత వహించాలి. జరిగినదంతా వీడియో తీయాలి. హాజరైన ప్రతి మనిషికీ మాట్లాడే అవకాశం ఇవ్వాలి. చివర్లో, ఎవరేమన్నారో స్థానిక భాషలో చదివి వినిపించాలి. ఆ సభలు ఎలా జరుగుతున్నాయో మనకు తెలుసు. అయినా ఆ పద్ధతి కాగితం మీద ఉంది కాబట్టే, జరగకపోతే నిలదీయగలుగుతున్నాం. మన వీధుల మార్పిడికి ఆ మాత్రం పద్ధతి కూడా లేదు.

యాజమాన్యం లేనివాళ్ళకు ఊరి స్థలంలో మాట ఉండదన్నదీ నిజం కాదు. 2014 వీధి వ్యాపారుల చట్టం పట్టణ వెండింగ్ కమిటీలో 40 శాతానికి తక్కువ కాకుండా వ్యాపారుల ప్రతినిధులు ఉండాలంది, వారిలో మూడోవంతు స్త్రీలు ఉండాలంది. రోడ్డు పక్కన కూరగాయల గంప పెట్టుకునే స్త్రీకి ఆ రోడ్డు మీద పట్టా లేదు. అయినా ఆ రోడ్డు ఎలా ఉండాలో చెప్పే హక్కు ఆమెకుందని చట్టం ఒప్పుకుంది. అదే న్యాయం అద్దె ఇంట్లో ఉన్న స్త్రీకి ఎందుకు వర్తించదు?

ఇది ఒక వీధి గొడవేనని ఎవరైనా అనుకుంటే అమరావతిని గుర్తు చేస్తాను. 2022 అక్టోబరులో రాజధాని మాస్టర్ ప్లాన్‌ను మార్చి, పేదల ఇళ్ళ కోసం ఆర్-5 అనే కొత్త జోన్ పెట్టాలని ప్రతిపాదించి అభ్యంతరాలు పిలిచారు. భూమి ఇచ్చిన రైతు కుటుంబాల స్త్రీలు అప్పటికి మూడేళ్ళుగా రోడ్డు మీద ఉద్యమంలో ఉన్నారు. ఒప్పందం ప్రకారం మాకు చెప్పిన నగరం ఇది కాదని వాళ్ళు వాదించారు. 2023 మార్చిలో జోన్ ఖరారైంది. మే నెలలో వేలమంది పేద స్త్రీల పేరు మీద ఇళ్ళ పట్టాలు పంచారు. ఆగస్టులో ఇళ్ళ నిర్మాణంపై హైకోర్టు స్టే ఇచ్చింది. 2024లో ప్రభుత్వం మారింది. భూమి ఇచ్చిన స్త్రీ ఒకవైపు, పట్టా అందుకున్న స్త్రీ మరోవైపు. ఇద్దరి కోరికా న్యాయమైనదే కావచ్చు. ఆ ఇద్దరినీ ఒక చాప మీద కూర్చోబెట్టి, మీకేం కావాలి, ఎక్కడ కావాలి, పనికి ఎంత దూరం నడుస్తారు అని ముందుగా అడిగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. స్త్రీల పేరు మీద కాగితాలు ఇచ్చినంత సులువుగా స్త్రీల మాటను ఏ ప్రభుత్వమూ లెక్కలోకి తీసుకోదని మాత్రం చెప్పగలం.

ఇక్కడ నా సంగతి కూడా ఒప్పుకోవాలి. మా ఇంటి కోసం నా జీతంలోంచి పదకొండేళ్ళు చిట్టీ కట్టాను. రిజిస్ట్రేషన్ రోజు నేనూ వెళ్ళాను, సాక్షి సంతకం పెట్టాను. నా పేరు కూడా రాయించమని అడగాలని ఆ రోజు నాకు తోచలేదు. తండ్రి ఆస్తిలో కూతురికి సమాన హక్కునిస్తూ 1985లోనే మన రాష్ట్రం చట్టం చేసింది, 2005లో దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది. చట్టం తెలిసిన నేనే సాక్షిగా మిగిలిపోతే, కాగితం చూసి మనిషిని కొలిచే ఆఫీసులో మిగతా స్త్రీల గతి ఏమిటి? ఇళ్ళ మీద మన పేర్లు ఎక్కాలి, అది జరగాల్సిందే. కానీ అవి ఎక్కేదాకా మన నోరు మూసి ఉంచాలనడం అన్యాయం.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలను ఎవరూ విచారణకు పిలవలేదు. సారా దుకాణం మీద వాళ్ళకు ఏ హక్కు పత్రమూ లేదు. ఆ దుకాణం తమ ఇంట్లోకి ఏం తెస్తోందో వాళ్ళకు తెలుసు, అంతే. జిల్లా అంతా స్త్రీలు కదిలి వేలంపాటలు జరిగే చోటికే వెళ్ళి అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. నిర్ణయం ఎక్కడ జరుగుతుందో అక్కడికి వెళ్ళి నిలబడాలని వాళ్ళు మనకు నేర్పారు. ఇవాళ మన వీధుల గురించిన నిర్ణయాలు టౌన్ ప్లానింగ్ విభాగం ఫైళ్ళలో జరుగుతున్నాయి.

కాబట్టి మనం అడగాల్సినవి ఇవి. ప్రకటన పత్రికలో వేస్తే చాలదు. ఆ స్థలంలో, రేషన్ షాపు దగ్గర, అంగన్‌వాడీ దగ్గర మామూలు తెలుగులో వీధి పేరుతో బోర్డు పెట్టాలి. గడువు 30 రోజులు ఉండాలి. విచారణ ఆ వార్డులోనే, స్త్రీలు రాగలిగిన వేళలో జరగాలి. అభ్యంతర పత్రంలో సర్వే నంబరు, యజమాని పేరు గడులు తీసేయాలి. ప్రతి అభ్యంతరానికీ రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. ఎన్నికైన స్త్రీ బదులు ఆమె భర్త కూర్చుంటే ఆ విచారణ చెల్లదనాలి. రెండు రాష్ట్రాల్లోనూ పట్టణ పాలక సంస్థల్లో సగం స్థానాలు స్త్రీలవి. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం వార్డుకు ఒక స్త్రీల కమిటీ వేయమంది. భూ వినియోగ మార్పిడి దరఖాస్తులు ముందు ఆ కమిటీ ముందుకు రావాలి. లేకపోతే ఆ కమిటీ ముగ్గుల పోటీలకే పరిమితమవుతుంది.

మా సంగతి ఇంకా తేలలేదు. ఆ బుధవారం తర్వాత మేం మరో అర్జీ రాశాం. అరవై ఒక్క మంది స్త్రీలు సంతకాలు, వేలిముద్రలు వేశారు. అద్దెకున్న వాళ్ళు, ఇళ్ళలో పనిచేసే వాళ్ళు, కర్రీ పాయింట్ ఆమె, గిన్నెల పని వస్తుందని హాలు కోరుకున్న ఆ ఇద్దరూ ఉన్నారు. పని దొరకాలి, దారి మూయకూడదు అని వాళ్ళు తమ మాట విడిగా రాయించారు. అదే ఉద్యోగి తీసుకున్నాడు. ఈసారి కూడా అడిగాడు, ఇవి ఎవరి ఇళ్ళమ్మా అని. చట్టంలో "ఏ వ్యక్తి అయినా" అని ఉందని చెప్పి, ఆ పేజీ చూపించాం. కాసేపు చూసి ముద్ర వేసి రసీదు ఇచ్చాడు. మా అభ్యంతరాలను ఎలా పరిశీలించారో చెప్పమని సమాచార హక్కు చట్టం కింద అడిగాం. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే మళ్ళీ వెళ్తాం.

మీ ఊళ్ళో కూడా ఇలాంటి ప్రకటన ఏదో ఒక పత్రిక టెండర్ల పేజీలో పడే ఉంటుంది. ఒకసారి వెతకండి. పక్కింటామెను కూడా పిలవండి. ఆమెది అద్దె ఇల్లయినా సరే.