మనిషి చాలని చోట మాత్ర

దేశంలో అరవై ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మంది డిమెన్షియా అనే మతిమరుపు వ్యాధికి లోనై ఉన్నారు. 2023లో వెలువడిన జాతీయస్థాయి అధ్యయనం ఈ వ్యాధిగ్రస్తుల సంఖ్యను 88 లక్షలుగా లెక్కగట్టింది. 2036 నాటికి అది కోటీ 69 లక్షలకు చేరగలదని అంచనా. పురుషులలో కంటే స్త్రీలలో, పట్టణాలలో కంటే గ్రామాలలో ఈ వ్యాధి ఎక్కువగా కనిపించడం గమనార్హం.

ఇంతకాలం ఈ భారాన్ని కుటుంబమే మోసింది. నిజానికి ఇంటి కోడలో, కూతురో మోసింది. ఉద్యోగాల కోసం పిల్లలు నగరాలకూ విదేశాలకూ తరలిపోతుండగా, వృద్ధాశ్రమాలు, నర్సింగ్ హోములు ఆ స్థానాన్ని ఆక్రమిస్తున్నాయి. అక్కడ మంచాలు ఎన్ని ఉన్నాయన్నది ఎవరైనా చెప్పగలరు. రాత్రివేళ ఆ మంచాలను కనిపెట్టుకుని ఎందరు ఉంటారు, వారికి ఏమి నేర్పారు అన్నదే అసలు ప్రశ్న.

డిమెన్షియా రోగి పేర్లు మరచిపోవడంతో ఆగడు. సాయంత్రమయ్యేసరికి ఇంటికి పోతానని తలుపు వద్ద నిలబడతాడు. స్నానానికి తీసుకువెళితే కొట్టబోతాడు. రాత్రంతా తిరుగుతాడు. ఒంటినొప్పి, మలబద్ధకం, మూత్రనాళంలో ఇన్ఫెక్షన్, ఆకలి, భయం వంటివి దీనికి కారణాలు కావచ్చు. నోటితో చెప్పలేనిదానిని అతడు ప్రవర్తనతో చెబుతాడు. శిక్షణ పొందిన ఆయా ఆ కారణాన్ని వెతుకుతుంది. ఒక్క ఆయా ఇరవై మంచాలు చూడవలసివస్తే వెతికే తీరిక ఉండదు. అప్పుడు హాలోపెరిడాల్, క్వెటియాపిన్ వంటి మానసిక వ్యాధుల మందులు రంగప్రవేశం చేస్తాయి. రోగి మగతగా పడి ఉంటాడు. కేంద్రం ప్రశాంతంగా కనిపిస్తుంది.

ఆ ప్రశాంతతకు మూల్యం ఉంది. డిమెన్షియా ఉన్న వృద్ధులకు ఈ కోవలోని కొత్త మందులు వాడితే మరణాల రేటు సుమారు 1.6 రెట్ల వరకు పెరుగుతున్నదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. 2008లో ఆ హెచ్చరికను పాత మందులకూ వర్తింపజేసింది. బ్రిటన్‌లో లక్షా 80 వేల మంది డిమెన్షియా రోగులకు ఇవి వాడుతున్నారని, తత్ఫలితంగా ఏటా 1,800 అదనపు మరణాలు సంభవిస్తున్నాయని 2009లో ప్రభుత్వం కోరిన సమీక్ష తేల్చింది. తనకు గాని ఇతరులకు గాని హాని తలపెట్టే రోగికి స్వల్పకాలం ఈ మందులు అవసరం కావచ్చు. సిబ్బంది కొరతకు మాత్రం ఇవి మందు కావు.

సిబ్బంది సౌలభ్యం కోసం మందులతో రోగులను కట్టడి చేయరాదని అమెరికా 1987లోనే చట్టం చేసింది. అయినా 2011 చివరలో అక్కడి నర్సింగ్ హోములలో దీర్ఘకాలంగా ఉంటున్నవారిలో 23.9 శాతం మంది ఈ మందులపైనే ఉన్నారు. తనిఖీలు పెరిగాక వాడకం తగ్గింది. అయితే కొన్ని కేంద్రాలు రోగులకు స్కిజోఫ్రెనియా ఉన్నదని తప్పుగా నమోదు చేసి లెక్కల నుంచి తప్పించుకున్నాయన్న అనుమానంతో 2023లో ప్రత్యేక తనిఖీలు చేపట్టవలసి వచ్చింది. కనీస సిబ్బందిని నిర్దేశిస్తూ 2024లో తెచ్చిన నిబంధనను మరుసటి ఏడాది టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు కొట్టివేసింది. మనుషులను పెంచకుండా మాత్రలను మాత్రమే తగ్గించబోతే ఏమవుతుందో ఈ అనుభవం చెబుతున్నది.

మన చట్టాలు ఆ మెట్టు కూడా ఎక్కలేదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. జిల్లాకు ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపోయే ఆశ్రమాలను నెలకొల్పవచ్చునని అది రాష్ట్రాలకు సూచించింది. సంరక్షణ కేంద్రాల రిజిస్ట్రేషన్‌నూ, కనీస ప్రమాణాలనూ ప్రతిపాదించిన సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభ ముందుకు వచ్చింది. స్థాయీసంఘం పరిశీలన కూడా పూర్తయింది. కాని ఆమోదం పొందకుండానే 2024లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం శారీరక నిర్బంధానికి షరతులు విధించింది. మందులతో చేసే నిర్బంధం గురించి ఆ నిబంధనలో ప్రస్తావన లేదు.

చేయవలసినది అసాధ్యమేమీ కాదు. ప్రతి కేంద్రమూ పగలు, రాత్రి విధుల్లో ఉండే సిబ్బంది సంఖ్యను వెల్లడించాలి. ఆయాలకు వేతనంతో కూడిన శిక్షణ ఇవ్వాలి. మానసిక వ్యాధుల మందు మొదలుపెడితే కారణం రాసి, కుటుంబానికి తెలిపి, కొద్ది వారాలకొకసారి డాక్టరు పునఃపరిశీలించాలి. దీనివల్ల ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చులో ప్రభుత్వం వాటా పంచుకోకపోతే నాణ్యమైన సేవ ధనికులకే పరిమితమవుతుంది. మురిగిపోయిన బిల్లును తిరిగి తెచ్చినప్పుడు అందులో మంచాల లెక్కతో పాటు మనుషుల లెక్క, మందుల లెక్క కూడా ఉండాలి. చెప్పుకోలేని వృద్ధుని తరఫున చట్టమే మాట్లాడవలసి ఉన్నది.