ఉదజని యుగమున కర్షకుని భాగము

ధర్మపురి కడ దక్షిణవాహినియై ప్రవహించు గోదావరి ఎల్లంపల్లి జలాశయమున నిలిచి, అటనుండి రామగుండము వైపునకు సాగును. ఆ రామగుండమున యూరియా కర్మాగారము గలదు. అయినను 2025 వానకాలమున తెలంగాణమందలి సహకార సంఘముల ముంగిట రైతులు తెల్లవాఱకమునుపే బారులు తీరి, తమకు మాఱుగా చెప్పులను వరుసలో నుంచి వేచియుండుట మనమందఱము చూచితిమి. దీనికి కారణములు పెక్కు గలవు. వానిలో నొకటి మాత్రము మూలమునకు సంబంధించినది. యూరియా తయారీకి మన దేశమున వాడెడు సహజవాయువులో అధికభాగము ఓడలపై పరదేశములనుండి వచ్చుచున్నది. అచ్చట యుద్ధము వచ్చినను, ధర పెరిగినను, ఇచ్చట మన వరినారు వేచియుండవలసినదే.

యూరియాకు మూలము అమ్మోనియా. అమ్మోనియాకు నత్రజని గాలినుండి లభించును. ఉదజనిని మాత్రము వేఱొక పదార్థమునుండి రాబట్టవలయును. రామగుండము దీనికి రెండు మార్గములను చూచినది. 1980లో ఉత్పత్తి ప్రారంభించిన పాత కర్మాగారము బొగ్గునుండి ఉదజనిని తీసెడిది. అది 1999లో మూతపడెను. 2022 నవంబరు 12న జాతికి అంకితమైన నేటి కర్మాగారము సహజవాయువునుండి తీయుచున్నది. దాని సామర్థ్యము ఏటికి 12.70 లక్షల టన్నుల యూరియా.

మూడవ మార్గము నీరు. విద్యుత్తును ప్రసరింపజేసి నీటిని ఉదజనిగను, ప్రాణవాయువుగను విడదీయవచ్చును. ఇది మనకు క్రొత్త విద్య కాదు. పంజాబునందలి నంగల్ ఎరువుల కర్మాగారము 1960 దశకముననే భాక్రా జలవిద్యుత్తుతో ఇట్లు చేసి, తరువాత ఇతర ముడిసరకులకు మరలెను. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వము 2023 జనవరిలో రూ. 19,744 కోట్లతో జాతీయ హరిత ఉదజని ఉద్యమమును ఆమోదించినది. 2030 నాటికి ఏటికి 50 లక్షల టన్నుల ఉదజనిని సూర్యరశ్మి, వాయువేగముల విద్యుత్తుతో ఉత్పత్తి చేయుట దీని లక్ష్యము. విశాఖ సమీపమున పూడిమడక యందు ఇట్టి కేంద్రమునకు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగెను.

ఈ వార్త వినినవారిలో కొందఱు, "మన గోదావరిని ఈ యంత్రములు త్రాగివేయునేమో" యని శంకించుచున్నారు. లెక్క చూతము. 45 కిలోల యూరియా బస్తా యొక్కదానికి సుమారు నాలుగున్నర కిలోల ఉదజని చాలును. దానిని తీయుటకు విడదీయవలసిన నీరు నలుబది లీటర్లు. రామగుండపు కర్మాగారము ఏడాదికి చేయగల యూరియా యంతటికిని ఈ లెక్కన పట్టు నీరు టి.యం.సి.లో ఇరువదవ వంతునకు మించదు. యంత్రములను చల్లార్చుటకును, నీటిని శుద్ధి చేయుటకును మఱికొంత కావలసినను, ఇరువది టి.యం.సి.ల ఎల్లంపల్లి జలాశయమునకు ఇది పెద్ద భారము కాదు.

అసలు భారము విద్యుత్తునది. కిలో ఉదజనికి సుమారు 50 యూనిట్లు కావలయును. అనగా బస్తాకు 225 యూనిట్లు. యూనిటు నాలుగు రూపాయలనుకొన్నను, బస్తాకు విద్యుత్తే రూ. 900 అగును. రైతు నేడు బస్తాను రూ. 266.50 లకు కొనుచున్నాడు. కావున విద్యుత్తు మిక్కిలి చౌకయైననే గాని, ప్రభుత్వ సహాయము నిలిచియుండిననే గాని, ఈ మార్గము కర్షకునకు మేలు చేయజాలదు. మఱియొక చిక్కు గలదు. యూరియాకు బొగ్గుపులుసు వాయువు కూడ అవసరము. సహజవాయువునుండి అది తానై లభించుచుండగా, నీటినుండి లభింపదు. అందుచే నీటి ఉదజని మొదట డి.ఏ.పి., కాంప్లెక్సు ఎరువులకు ఉపయోగపడుననియు, యూరియాకు తరువాత వచ్చుననియు మా యూహ.

ఇక భూమి మాట. రామగుండపు యూరియాకు చాలిన ఉదజనిని సౌరవిద్యుత్తుతో తీయవలెనన్నచో సుమారు నాలుగువేల మెగావాట్లు కావలయును. మెగావాటుకు నాలుగైదు ఎకరముల వంతున, పదునాఱువేలనుండి ఇరువదివేల ఎకరములు. ఆ ఎకరము లెవరివి? మన ప్రశ్న యిదియే. కొనువారు ముందుగా మన గుట్టబోళ్లకును, పడావు భూములకును వత్తురు. ఒంటరిగా నున్న రైతు, అప్పు తొందరలో, వచ్చిన ధరకు అమ్ముకొనును. పిదప తన నేలపై పండిన విద్యుత్తుతో తయారైన ఎరువుకై తానే బారులో నిలుచును.

అట్లు కానక్కఱలేదు. మన పొరుగుననే దృష్టాంతము గలదు. 1970లో స్థాపితమైన సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘము, పల్లెటూళ్లకు విద్యుత్తు నిచ్చు పని రైతుల సంఘము చేయగలదని దేశమునకు చూపెను. 2019లో ప్రారంభమైన పి.ఎం. కుసుమ్ పథకము, బంజరు నేలలపై రెండు మెగావాట్ల వఱకు సౌరకేంద్రములు స్థాపించుటకు సహకార సంఘములకును అర్హత కల్పించినది.

కావున మా మనవి యిది. పడావు భూమిని అమ్మకుడు. సంఘము ద్వారా కౌలుకిండు. సాగుభూమిని దీనికై తాకనీయకుడు. ప్రభుత్వములును, కర్మాగారములును విద్యుత్తు కొనునపుడు సహకార సంఘముల విద్యుత్తునకు నిర్ణీత భాగము కేటాయింపవలెనని మన మహాసభలలో తీర్మానింపుడు. బొగ్గు యుగమునను, వాయు యుగమునను మనము కొనుగోలుదారులము మాత్రమే. ఉదజని యుగమున హక్కుదారులము కావలెనన్నచో, ఆ పని మొదటి ఎకరము అమ్ముడుపోకముందే ప్రారంభింపవలయును.