ముప్పై వేల కోర్సు, మా భాంజీ సవాల్



రాయచోటిలో ఉండే మా భాంజీ పోయిన నెల ఒక రాత్రి పదకొండున్నరకు ఫోన్ చేసింది. ఆ వేళకు సొంతూరి నుంచి ఫోన్ వస్తే గుండె జారిపోతుంది కదా. ఆపాకు ఏమైందోనని లేచి కూర్చున్నాను. "మామూ, పన్నెండుకు ఆఫర్ అయిపోతుంది. లేలూఁ క్యా?" అంది.

వెబ్‌సైట్ పెట్టి, ఇల్లు కదలకుండా నెలకు లక్ష సంపాదించడం నేర్పే ఆన్‌లైన్ కోర్సట. అసలు ధర 79,999. ఈ రాత్రికి మాత్రం 29,999. ముందు 99 రూపాయలు కట్టి రెండు గంటల వెబినార్ చూసింది. చివర్లో తెర మీద గడియారం వెనక్కి తిరగడం మొదలైంది. అది చూసి నాకు ఫోన్ చేసింది.

తనకు లాలచ్ ఎక్కువని అనుకోకండి. మా దామాద్ కువైట్‌లో డ్రైవర్. ఆరేళ్లలో రెండుసార్లు వచ్చి వెళ్లాడు. చిన్నోడికి అబ్బా అంటే సెల్‌ఫోన్‌లో కనిపించే ముఖమే. భాంజీ హిసాబ్ సీదాగా ఉంది. లక్ష అక్కర్లేదు, నెలకు ముప్పై వేలు ఇంట్లోంచే వస్తే ఆయన్ను వాపస్ రమ్మని చెప్పొచ్చు. ఆ ఉమ్మీద్‌ను ముందు పెట్టుకుని కూర్చున్న మనిషికి, కోర్సు ఖరీదు ముప్పై వేలంటే అది ఖర్చులా కనపడదు. ఆయన టికెట్ డబ్బుల్లా కనపడుతుంది. అమ్మేవాళ్లకు ఆ సంగతి బాగా మాలూమ్.

"పొద్దున దాకా సబర్ చెయ్యి బేటీ" అన్నాను. పొద్దున ఫజర్ తర్వాత అదే పేజీ నా ఫోన్‌లో తెరిచాను. గడియారం మళ్లీ మొదటి నుంచి తిరుగుతోంది. ధర అదే 29,999. కింద చిన్న అక్షరాల్లో పన్ను అదనం అని ఉంది. 18 శాతం కలిపితే 35,399 అవుతుంది. ఇలాంటి దొంగ తొందరకు మన కానూన్‌లో పేరు కూడా ఉంది. 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పదమూడు రకాల మోసపు పద్ధతులను గుర్తించి మార్గదర్శకాలు తెచ్చింది. అందులో మొదటిదే ఈ తప్పుడు తొందర. లేని గడువును ఉన్నట్టు చూపించడం.

అయినా గడియారం ఝూటా అయినంత మాత్రాన చదువు కూడా ఝూటా అని ఫత్వా ఇవ్వలేం. నేను జర్నలిస్టును, చూడకుండా రాయకూడదు. మా డెస్కులో ఇదివరకు పనిచేసిన దోస్త్ ఒకరు ఇదే కోర్సు తీసుకున్నారని తెలిసి, రెండు ఆదివారాలు ఆయన ఇంటికెళ్లి, ఆయన పక్కనే కూర్చుని, ఆయన ల్యాప్‌టాప్‌లోనే చూశాను. నలభై ఆరు వీడియోలు. పన్నెండు గంటల పైచిలుకు. ఆయన బేగం మూడుసార్లు చాయ్ పంపింది, పాపం.

ఇన్సాఫ్‌గా చెప్పాలంటే మొదటి మూడు గంటలు బాగున్నాయి. చెప్పే కుర్రాడి తెలుగు సాఫ్‌గా ఉంది. డొమైన్ అంటే ఏమిటి, హోస్టింగ్ అంటే ఏమిటి అనేది దుకాణం పేరు, దుకాణం గది అని పోల్చి చెప్పాడు. వర్డ్‌ప్రెస్ ఎక్కించడం, పేజీ తయారు చేయడం, బొమ్మ పెట్టడం అన్నీ చేసి చూపించాడు. మొదటిసారి చేసేవాళ్లకు భయం పోతుంది. ఇది చిన్న ఖిద్మత్ కాదు. కానీ వర్డ్‌ప్రెస్ ఉచితం. దాన్ని తయారు చేసినవాళ్లే నేర్పే పాఠాలూ ఉచితం. ఐఐటీ బొంబాయి వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్‌లో కంప్యూటర్ పాఠాలు తెలుగులోనే పైసా లేకుండా దొరుకుతాయి. ఆ మూడు గంటల కోసం అయితే 35 వేలు కట్టక్కర్లేదు.

నాలుగో గంటలో హోస్టింగ్ ఎక్కడ కొనాలో చెప్పాడు. "కింద ఉన్న లింక్ నుంచే కొనండి, డిస్కౌంట్ వస్తుంది" అన్నాడు. ఆ లింక్‌లో ఆయన కమీషన్ ఉంది. ఆ మాట మాత్రం చెప్పలేదు. ప్రతి షాగిర్ద్ ఉస్తాద్‌కు రెండుసార్లు ఆమ్‌దనీ ఇస్తున్నాడన్నమాట, ఫీజు ఒకటి, హోస్టింగ్ కమీషన్ ఒకటి. వెబినార్‌లో చూపించిన ఆదాయం స్క్రీన్‌షాట్లు నాకు అప్పుడు గుర్తొచ్చాయి. ఆ సంపాదన వెబ్‌సైట్ల వల్ల వచ్చిందా, వెబ్‌సైట్లు పెట్టడం నేర్పడం వల్ల వచ్చిందా? బంగారం తవ్వేవాళ్లు వేరు, గడ్డపారలు అమ్మేవాళ్లు వేరు.

అన్ని కోర్సులూ ఒకటే అనను. కానీ ఈ దుకాణాల రాస్తా ఎక్కడి దాకా పోతుందో తెలిసి ఉండాలి. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లో ఇలా ఆన్‌లైన్ తిజారత్ నేర్పుతామన్న ఒక సంస్థ మీద కోర్టుకు పోయింది. ప్రవేశం 49 డాలర్లే. లోపలికి వెళ్లాక ఒక్కో మెట్టుకు ఒక్కో సభ్యత్వం, పై మెట్లకు వేల డాలర్లు. మేము చూసిన కోర్సు చివరి వీడియో కూడా "అడ్వాన్స్‌డ్ బ్యాచ్"కు దావత్‌తోనే ముగిసింది. దాని ఖరీదు ఆ వీడియోలో లేదు, ఫోన్ చేస్తే చెబుతారట.

ఇప్పుడు హిసాబ్ చేద్దాం. కాగితం తీసుకోండి. గూగుల్ యాడ్‌సెన్స్ అనేది మన పేజీలో ప్రకటనలు వేసి, వచ్చిన దాంట్లో మనకు వాటా ఇచ్చే పద్ధతి. 2018 నుంచి తెలుగు పేజీలకూ ఉంది. ఖాతాలో 100 డాలర్లు జమయ్యే దాకా పైసా చేతికి రాదు. వెయ్యిసార్లు పేజీ తెరిస్తే మనకు ఒక డాలర్ వచ్చిందనుకుందాం. ఇది నా ఫర్జీ లెక్క, ఎక్కువా రావచ్చు, తక్కువా రావచ్చు. డాలర్‌కు 85 రూపాయలు వేసుకున్నా ముప్పై వేలు రావాలంటే నెలకు మూడున్నర లక్షలసార్లు ఆ పేజీలు తెరుచుకోవాలి. రోజుకు పదకొండు పన్నెండు వేలసార్లు. కోర్సు ఫీజు తిరిగి రావడానికే నాలుగు లక్షల పైచిలుకు కావాలి. నలభై ఆరు వీడియోల్లో ఈ గుణకారం ఒక్కచోట కూడా లేదు. మా దోస్త్ సైట్ రెండేళ్లలో 100 డాలర్ల గడప ఒక్కసారి దాటింది.

తెలుగులో తక్కువ వస్తుందని ఆ కుర్రాడికీ తెలుసు. అందుకే ఇంగ్లీష్‌లో అమెరికావాళ్ల కోసం రాయమన్నాడు. అందులోనూ ఇన్సూరెన్స్, లోన్లు, క్రెడిట్ కార్డుల గురించి. ప్రకటనలకు ధర ఎక్కువ పలికేవి అవేనట. రాయచోటి పిల్ల, టెక్సాస్ మనిషికి కారు ఇన్సూరెన్స్ గురించి ఏం చెబుతుంది? నాలుగు సైట్లు చూసి ఐదోది రాస్తుంది. భాంజీకి ఇంకో చిక్కు కూడా తోచింది. "మామూ, సూద్ లోన్ల గురించి రాసి తెచ్చే పైసలు మనకు జాయెజేనా?" అని అడిగింది. నేను ఆలిమ్‌ను కాదు, వాళ్లను అడగమన్నాను. యాడ్‌సెన్స్‌లో కొన్ని రకాల ప్రకటనలను మనమే ఆపేసుకోవచ్చని మాత్రం చెప్పాను. అలా ఆపితే ఆమ్‌దనీ తగ్గుతుంది, అదీ చెప్పాను.

అన్నింటికంటే పెద్ద లోపం సబక్ వయసు. వీడియోల్లో తెర మూలన తారీఖు కనిపిస్తోంది, 2021. తర్వాత ఏం జరిగింది? నాలుగు సైట్లు చూసి ఐదోది రాసే పేజీలను కిందికి నెట్టడానికి గూగుల్ 2022 ఆగస్టులో కొత్త పద్ధతి తెచ్చింది. 2023 సెప్టెంబర్‌లో దాన్ని ఇంకా గట్టి చేసింది. ఆ దెబ్బకు ఏళ్లుగా నడుస్తున్న చిన్న సైట్లు కూడా చాలా పడిపోయాయి. 2024 ఆగస్టులో మన దేశంలో కూడా గూగుల్ తానే కృత్రిమ మేధతో జవాబు రాసి పైన చూపించడం మొదలుపెట్టింది. జవాబు అక్కడే దొరికితే మన పేజీ దాకా ఎవరొస్తారు? అమెజాన్ సరుకు చూపించి కమీషన్ తీసుకోవడం ఇంకో పాఠం. అక్కడ అమెజాన్ 2020 ఏప్రిల్‌లోనే ఇంటి సామాను మీద 8 శాతాన్ని 3కు, కిరాణా మీద 5 శాతాన్ని 1కి దించేసింది. పాఠం రికార్డు చేసే నాటికే ఆ రేట్లు పాతబడ్డాయి.

నేను చదివిన ఉర్దూ మీడియం స్కూల్లో మాకు ఖుష్‌ఖతీ నేర్పిన ఉస్తాద్ సాహెబ్ గుర్తొచ్చారు. ఆయన అస్లీ పని కితాబత్. ఉర్దూ అఖ్బార్‌లకూ షాదీ రుఖాలకూ రాసిచ్చేవారు. కంప్యూటర్‌లో నస్తాలీఖ్ వచ్చేశాక, మా తొంభైల చివర్లో, ఆయన కలం మూలన పడింది. మేం పదో తరగతిలో ఉండగానే ఆయన మాతో "ఇది పొట్టకు కాదు బేటా, చేతికి నేర్చుకో" అన్నారు. తన హునర్ బజార్ పోయిందని షాగిర్దులకు తనే చెప్పిన మనిషి. ఈ కోర్సులో నేను వెతికింది ఆ ఒక్క వాక్యమే. దొరకలేదు.

ఇక్కడ మన ఇళ్ల గురించి ఒక చేదు మాట. "ఇల్లు కదలకుండా" అనే మాట మన ఘరానాల్లో ఎందుకంత బాగా అమ్ముడుపోతుంది? ఇదే భాంజీ మూడేళ్ల కింద ఊళ్లోనే టాలీ నేర్చుకుంటానంది. బీకాం చదివిన పిల్ల. ఫీజు ఆరు వేలు. సాయంత్రం క్లాసు, బస్టాండు దాకా ఒంటరిగా పోయి రావాలని ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. ఆపా వద్దంది. నేనూ గట్టిగా మాట్లాడలేదు. ఇప్పుడు 35 వేలకు ఎవరూ కాదనడం లేదు, గడప దాటక్కర్లేదు కాబట్టి. దామాద్ అయితే కువైట్ నుంచి "కట్టెయ్, నేను పంపిస్తా" అన్నాడట. చేతిలో లేకపోతే "నో కాస్ట్ ఈఎంఐ" ఉండనే ఉంది. అందులో సూద్ లేదంటారు గానీ ప్రాసెసింగ్ చార్జీ ఉంటుంది, వాయిదా తప్పితే జుర్మానా ఉంటుంది. కోర్సు నచ్చక మానేసినా ఫైనాన్స్ వాయిదా మాత్రం ఆగదు. కట్టే ముందు రిఫండ్ షరతు రాతలో తీసుకోండి. కట్టేసి చిక్కుకున్నవాళ్లు 1915కు ఫోన్ చేయవచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. 2019 చట్టం ప్రకారం కంపెనీ ఏ ఊళ్లో ఉన్నా మీరుండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు.

నా రాయ్ ఏమిటంటే, ఈ కోర్సు మొత్తం ధోకా కాదు. ఐదారు వందల సరుకును ఉమ్మీద్ కలిపి ముప్పై వేలకు అమ్ముతున్నారు. కట్టొద్దన్నాను.

కానీ కట్టొద్దని చెప్పి పెట్టేస్తే నాకూ ఆ టాలీ రోజుకూ ఫరక్ ఏముంది? అందుకే ఇంకో సవాల్ వేశాను. "మీ గల్లీలో జనం నిన్ను ఏం అడగడానికి వస్తారు బేటీ?" జవాబుకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. కువైట్ కాగజాత్. దామాద్ వీసా పని, మెడికల్, కాంట్రాక్టు, ఇమైగ్రేట్‌లో నమోదు, అన్నీ తనే ఫోన్‌లో చేసింది. పక్కింటి ఆడవాళ్లు ఏజెంటు దగ్గరికి పోయే ముందు తన దగ్గరికి వస్తారు. పదో తరగతి పాసవని ఆడమనిషి ఇంటిపనికి గల్ఫ్ పోవాలంటే 30 ఏళ్లు నిండాలని ఆమెకు తెలుసు. ప్రవాసీ భారతీయ బీమాకు రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలే ప్రీమియం అని తెలుసు. దానికి ఏజెంటు రెండు వేలు లాగిన ఇల్లు కూడా తెలుసు. ఈ ఇల్మ్ నాలుగు సైట్లు చూస్తే రాదు.

దాని వల్ల ముప్పై వేలు వస్తాయా? రాకపోవచ్చు. దామాద్ వాపస్ రావడం దాని మీద పెట్టుకోవద్దని ఆమెకూ ఆయనకూ ఫోన్‌లో సాఫ్‌గా చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. నౌకరీ లెక్క కోసం టాలీ క్లాసు మళ్లీ మొదలుపెట్టాలని, ఈసారి బస్టాండు దాకా ఆపాయే తోడు పోవాలని కూడా అన్నాను. ఆపా నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఫీజు ఇప్పుడెంతయిందో కనుక్కోమంది.

డొమైన్‌కు ఏడు వందలు, ఏడాది హోస్టింగ్‌కు రెండు వేల చిల్లర పెట్టాం. ప్రతి ఆదివారం జుహర్ తర్వాత వీడియో కాల్‌లో నాకు వచ్చినంత నేను చెబుతున్నాను. పోయిన వారం కరెంటు పోయి సగంలో ఆగింది. మొదటి పేజీ బీమా కాగితాల మీద రాసింది. పక్కింటి ఖాలాకు చదువు రాదు, కూతురితో చదివించుకుని విన్నదట. అంతా విని, "పాస్‌పోర్టులో బాప్ పేరు తప్పుపడితే ఏం చేయాలో ఇందులో లేదేమే?" అందట.

భాంజీ ఇప్పుడు అది రాస్తోంది.