విప్పి చూపని మూట

కోవిల్‌పట్టి, విరుదునగరముల నుండి మనవారి పిల్లలు సింగపూరు, మలేషియా, దుబాయిలకు ఉద్యోగములకై పోవుచున్నారు. ప్రయాణదినము సమీపింపగనే మేనత్త ఒక పొట్లము, వియ్యపురాలొక సంచి, ఎదురింటివారొక అట్టపెట్టె తెచ్చి, "మావానికి చేర్చు నాయనా" యందురు. కోవిల్‌పట్టి కడలైమిఠాయి, సాత్తూరు కారపుసేవు, శ్రీవిల్లిపుత్తూరు పాల్కోవా దూరదేశమందలి బిడ్డలకు చేరవలెనని కోరుట తప్పు కాదు. మూతి కుట్టి, అతికించి, లోన నేమున్నదో చెప్పక చేతికిచ్చుట మాత్రము తప్పు.

విమానాశ్రయమున సామానును గూర్చి యింత శోధన యేల యని విసుగుకొనువారు 1984 ఆగస్టు 2వ తేదీని జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ఆ రాత్రి మదరాసు మీనంబాకములో, విమానమెక్కని యొక ప్రయాణికుని పేర చేరిన పెట్టెలు ప్రేలి ముప్పదిమందికి పైగా మరణించిరి. 1986 ఏప్రిల్ 17న లండను హీత్రోలో గర్భవతియైన యొక ఐరిష్ యువతి సంచి యడుగున ప్రేలుడు పదార్థము బయటపడెను. ఆ సంచి నిచ్చినవాడు ఆమెను పెండ్లాడెదనని నమ్మించినవాడే. ఆమెకు లోపలి సంగతి యేమియు తెలియదు. ఇచ్చినవాడు ఆప్తుడైనంత మాత్రమున సంచి నిర్దోషమైనది కాదని లోకమునకు నాడు తెలిసెను.

విమానపు సిబ్బంది చేత బంపినచో అడుగువారుండరని కొందరి తలంపు. ఇది భ్రమ. సిబ్బందికిని శోధన కలదు. 2024 మే నెలలో మస్కటు నుండి కణ్ణూరు చేరిన విమానపు పరిచారిక యొకతె దాదాపు కిలో బంగారముతో పట్టుబడినది. పరిచయమును పురస్కరించుకొని వారి చేతికి మూట నిచ్చుట వారి జీవనోపాధిని పణముగా పెట్టుటయే.

చట్టము మాట మరింత కఠినము. సింగపూరులో 15 గ్రాములకు మించిన హెరాయిన్ రవాణాకు మరణశిక్ష కలదు. పెట్టెలో దొరికినది పెట్టె తెచ్చినవానిదేయని, అదేమో వానికి తెలియుననియు అచటి చట్టము ముందుగా భావించును. తెలియదని నిరూపించు భారము వానిదే. మన దేశపు 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము సైతము నేరబుద్ధి యున్నదనియే యెంచి, లేదని రుజువు చేయుమనును. అంతయేల, మన వంటింటి గసగసాలే సింగపూరులోను, దుబాయిలోను నిషిద్ధములు. తల్లి ప్రేమతో దంచి పంపిన మసాలాలో అవి యున్నచో, మోసినవాడు అధికారుల యెదుట నిలువవలసినదే. మన ప్రాంతమున వేలమందికి కూడుపెట్టిన అగ్గిపెట్టెకును విమానపు సామానులో చోటు లేదు.

"ఈ పెట్టె మీరే సర్దుకొంటిరా? ఇతరు లిచ్చిన దేమైన నున్నదా?" యని అధికారి యడుగుట వట్టి లాంఛనము కాదు. దానికి సత్యమైన యుత్తరము చెప్పగల స్థితిలో మన బిడ్డల నుంచుట మన విధి.

మేనత్తను, వియ్యపురాలిని "విప్పి చూపుడు" అనుటకు చిన్నవారికి నోరు రాదు. కావున ఆ భారము వారిపై వేయరాదు. ఇచ్చువారే అడుగకమున్న మూట విప్పి, ఒక్కొక్క వస్తువును చూపి, ప్రయాణికుని యెదుటనే మరల కట్టవలెను. అతడు వలదన్నచో మనసున పెట్టుకొనరాదు. పెండ్లిండ్లలో, పేరంటములలో ఆ మాట నెత్తరాదు. బంధుత్వము విప్పి చూపినందున తరుగదు. విప్పని మూట వలన ఒక బిడ్డ చెరసాల పాలైనచో రెండిండ్ల బంధుత్వము నిలువదు. మన సంఘ కుటుంబములవారందరును ఈ నియమమును నేటినుండియే పాటింతురు గాక యని కోరుచున్నాము.